అన్న గుండె మీద దురాయి

మే 11, ఆదివారం

కాలేజీ హాస్టలు నుంచి ఇంటికి వచ్చి వారం దాటింది. ఈ వారంలో నాతో వాదించడానికి తగిన మనిషి ఒక్కరూ దొరకలేదు. అమ్మ వెంటనే ఒప్పుకుంటుంది, నాన్న లేచి వెళ్ళిపోతాడు, అన్న నవ్వుతాడు. ప్రత్యర్థి లేని చోట వక్తకు మిగిలేది కాగితమే గనుక ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఇందులో పూర్వపక్షమూ నాదే, ఖండనా నాదే. తీర్పు చెప్పే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వను.

నేటి అంశం అన్న గుండె. నిన్న ఇందుకూరుపేటలో పడవల మీద పోయేవాళ్ళకు బీమా కోసం వైద్య శిబిరం పెట్టారు. ఛాతీకి తీగలు అతికించి ఈసీజీ తీస్తే మా పాళెం వాళ్ళందరి గీతలూ ఒక తీరుగా, అన్నవి మరొక తీరుగా వచ్చాయి. నెల్లూరు వెళ్ళి గుండె స్కానింగ్ చేయించుకోమన్నారు. "అందరి గుండెలూ కోడి గెలికినట్టు రాస్తే నాది ఒక్కటే గుండ్రంగా రాసిందంట" అని అన్న పాళెమంతా చెప్పుకుని తిరిగాడు.

అన్నకు ఇరవై ఏడేళ్ళు. జ్వరమని ఒక పూట పడుకోగా నేను చూడలేదు. జూన్ మధ్యలో చేపల వేట మీద నిషేధం ఎత్తేస్తారు. నాన్న మోకాళ్ళు ఇక అల దెబ్బకు ఆగవు కనుక ఆ రోజు నుంచి పడవ మా శివన్నదేనని ఇంట్లో నిశ్చయమైపోయింది. గుండె బాగా లేదంటే పడవ లేదు. ఈ సంవత్సరానికే కాదు, ఎప్పటికీ లేదు. దీన్ని ఇంత స్పష్టంగా ఇంట్లో ఎవరూ అనలేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మే 14

నెల్లూరు. చీకటి గది. అన్న ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. డాక్టరు వాణి గారు జిగురు రాసిన చిన్న పరికరాన్ని పక్కటెముకల మధ్య ఒత్తిపట్టారు. తెర మీద అన్న గుండె కనబడింది.

గుండె అనే మాటను నేను వేదికల మీద లెక్కలేనన్నిసార్లు వాడాను. దాన్ని చూడటం ఇదే మొదలు. వాడిన ఏ వాక్యంలోనూ ఇమిడేలా లేదు. వల పైకి తీశాక అడుగున తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చేప నోరులా ఉంది.

"ఏం పని చేస్తారు?" అని డాక్టరు గారు అడిగారు.

"సముద్రం మీదికి పోతాం మేడం. ఇప్పుడు నిషేధం గదా. ఖాళీ."

"ఖాళీ అంటే? బరువు పనులేమీ చేయడం లేదా?"

"లేదు మేడం. తినేది, పడుకునేది. ఒళ్ళు పెరిగి పోతా ఉండాది."

నేనూ తల ఊపాను. నిజమే కదా మరి.

"మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గుండె జబ్బుతో?"

"గుండె జబ్బు మాటే లేదమ్మా మా ఇంట్లో" అంది అమ్మ. నాన్న గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు.

డాక్టరు గారు కొలిచి చెప్పారు: గుండె ఎడమ గది గోడ ఉండవలసినదానికన్నా మందంగా ఉంది. దానికి రెండు కారణాలుండవచ్చు. బరువు లాగేవాళ్ళకు భుజాలకు కండ పట్టినట్టే గుండెకూ పడుతుంది, పని మానేస్తే కరుగుతుంది, అది జబ్బు కాదు. రెండోది గుండె కండరానికే పుట్టుకతో వచ్చే జబ్బు. అది ఉన్నవాళ్ళు బాగానే తిరుగుతూ తిరుగుతూ, ఒక రోజు బరువు లాగుతుండగా లయ తప్పి పడిపోవచ్చు. మొదట్లో ఈ రెండూ తెర మీద కవల పిల్లల్లా ఉంటాయట.

"నెల రోజులుగా ఖాళీగా ఉన్నా గోడ ఇంత మందంగా ఉందంటే నాకు రెండోదాని మీదే అనుమానం" అన్నారు.

"అయితే కోసి చూస్తారా అమ్మా?" అని అమ్మ అడిగింది.

"కోయడమూ లేదు, లోపలికి గొట్టం పంపడమూ లేదు. ఎమ్మారై అని, పెద్ద అయస్కాంతం లోపల పడుకోబెట్టి బొమ్మలు తీస్తాం. చేతికి ఒక సూది మందు ఇస్తాం, అంతే. కండరంలో మచ్చలుంటే వెలుగుతాయి."

ఈ కొలతలో పొరపాటుకు అవకాశం ఎంత అని నేను అడిగాను. ఆమె నన్ను తేరిపార చూశారు.

"లా చదువుతున్నావా?"

"రాజనీతిశాస్త్రం."

"సరే, నీ ఎదురుగానే మళ్ళీ కొలుస్తాను."

కొలిచారు. అంతే వచ్చింది. ఆమె మీద నాకు గౌరవమూ కోపమూ సమపాళ్ళలో కలిగాయి. ఎమ్మారైకి నెలాఖరున రమ్మన్నారు.

మే 15

నాకు భయం లేదు. శాస్త్రీయమైన ఆసక్తి మాత్రమే.

మే 18

అమ్మ అన్న పళ్ళెంలోంచి ఉప్పు చేపను తీసేసింది. అన్న దాన్ని నాన్న పళ్ళెంలోంచి తీసుకున్నాడు. నాన్న ఏమీ అనలేదు. నేను ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధం వివరించాను. అది విషయానికి సంబంధించినది కాదని నాకూ తెలుసు.

పెంచలమ్మ పిన్ని వచ్చింది. ఆమె నాన్న తమ్ముడు చిన్నబాబు బాబాయి భార్య. బాబాయి నా చిన్నప్పుడే సముద్రంలో పోయాడు. అప్పటి నుంచి పిన్ని మైపాడు ఒడ్డున చేపలు అమ్ముకుంటూ తన బతుకు తాను బతుకుతోంది.

"ఏందిమే వినీలా, పరీక్షలు అయిపోయినా పొస్తకం మొహం మీంచి తియ్యవా? పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు నీ మొహం చూసేదెట్టా?"

"పొస్తకం అట్ట చూసి ఒప్పుకుంటార్లే పిన్నీ" అన్నాడు అన్న.

"నీ గుండె సంగతేందిరా?"

"మందంగా ఉందంట పిన్నీ. మా చెల్లెలి మాటలన్నీ తగిలి తగిలి కాయ కాసిండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను చాలా బాగున్నాడు. అసలు సమస్య అదే. చాలా బాగున్నవాడిని ఏ వాదంతో మంచాన పడుకోబెట్టగలం?

మే 21

గెలిచాను. గెలిచానని తేదీ వేసి మరీ రాస్తున్నాను.

ఈ ఉదయం నడకకని ఒడ్డుకు వెళ్ళాను. అలివి వల లాగుతున్నారు. నిషేధం ఇంజను పడవలకే గనుక, తెప్ప మీద వెళ్ళి వలను సముద్రంలో అర్ధచంద్రంలా చుట్టి వస్తారు. రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున నిలబడ్డ రెండు జట్లు లాగుతాయి. నడుముకు తాడు బిగించి వెనక్కి వాలి, మడమలు ఇసకలో పాతి, అడుగు వెనక అడుగు వేస్తారు. ఈ దృశ్యాన్ని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కనుక చూడటం మానేసి చాలా కాలమైంది. ఇవాళ చూశాను. ఎడమ జట్టులో అందరికన్నా ముందు, మోకాలి లోతు నీళ్ళలో, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి, ఒంటి మీది చెమట ఎండలో మెరుస్తూ, తిని పడుకుంటున్న మా అన్న ఉన్నాడు.

వల ఒడ్డున పడేదాకా ఆగి అడిగాను. "అన్నా, రోజూ వస్తున్నావా దీనికి?"

"రోజూ ఏముంది, పొద్దునా సాయంత్రం."

"నిషేధం పెట్టినప్పటి నుంచా?"

"మరేం చేసేది ఇంట్లో కూర్చోని?"

"డాక్టరమ్మ అడిగితే ఖాళీ అన్నావు కదా."

"ఖాళీనే గదా." అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఇది పనా ఏంది? కూర కోసం గదా."

పక్కనున్నవాళ్ళు కూడా నన్నే వింతగా చూశారు. పని అంటే పడవ, వాటా, ఇంజను, లోతు నీళ్ళు. తాడు లాగడం, కూర చేపలు తెచ్చుకోవడం పని కాదు, పొద్దుపోవడం. మా పాళెంలో ఎవరినడిగినా అదే చెబుతారు. డిగ్రీ చదివే నేనూ డాక్టరు గారి గదిలో తల ఊపాను.

కాబట్టి డాక్టరు గారి అనుమానానికి మూలస్తంభమైన "నెల రోజుల విశ్రాంతి" అనేదే లేదు. స్తంభం కూలితే కప్పు నిలవదు. అన్న గుండె మందంగా ఉన్నది అతను లాగుతున్నాడు కాబట్టి. వల జట్టువాళ్ళు నెత్తళ్ళ చేపలు ఒక గంపెడు ఇచ్చారు. ఇంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

మే 22

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆమె పూర్తిగా విని నవ్వారు. "ఇది చాలా పనికొచ్చే సంగతి. బాగా పట్టుకున్నావు. అయినా ఎమ్మారై మానేది లేదు" అన్నారు. ఆ తర్వాత ఇంకొకటి అడిగారు.

"మీవాళ్ళు లెక్కలోకి తీసుకోనివి ఇట్లాంటివి ఇంకేమైనా ఉన్నాయా వినీలా? ఆలోచించి చెప్పు."

లేవన్నాను. లేవు కాబట్టి.

మే 23

బాబాయి సముద్రంలో పోయాడు. అది వేరు.

మే 24

అది వేరు.

మే 25

మైపాడు వెళ్ళాను. పిన్ని గొడుగు కింద వంజరం చేప ముక్కలు కోస్తోంది. ఆదివారపు జనం. వాళ్ళు కాస్త పలచబడేదాకా పక్కన కూర్చున్నాను.

"పిన్నీ, బాబాయి పోయిన రోజు గాలి ఎక్కువగా ఉండిందా?"

కత్తి ఆగలేదు. "గాలా. అద్దం మాదిరిగా ఉండింది సముద్రం. మొహం చూసుకోని తల దువ్వుకోవచ్చు."

"మరి ఎట్లా పడిపోయాడు?"

"వల లాగతా లాగతా ముందుకు వొంగినాడంట. మళ్ళా లేవలా. పక్కనోళ్ళు బీడీ ఎలిగించుకునేలోగా నీళ్ళల్లో ఉండాడు. ఈత రానోడా మీ బాబాయి? మీసం రాకముందే కృష్ణపట్నం దాకా ఈదతానని పందేలు కాసినోడు."

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురడిగినారు? సముద్రం తీసకపొయ్యింది అంటే పాళెమంతా ఊఁ అనింది. దానికి నోరుంటే అదన్నా చెప్పుండేది, నేను గాదబ్బా అని." నా వైపు చూసింది. "మొహం అట్టా పెట్టబాక. బేరం పోతాది."

ఒక ముక్క ఆకులో చుట్టి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి మీద కొట్టింది.

మే 26

వాదంలో ఒక నియమం ఉంది. ప్రత్యర్థి అడగని ఆధారాన్ని మనం అందించకూడదు. ఈ నియమం వల్ల నేను పోటీల్లో చాలా కప్పులు గెలిచాను. అలివి వల సంగతి మా పక్షానికి బలం. బాబాయి సంగతి ఎదుటి పక్షానికి బలం. ఒకటి చెప్పి ఒకటి దాచితే ఈ కేసు నాదే.

ఎదుటి పక్షం ఎవరు అన్న ప్రశ్న దగ్గర కలం ఆగింది. డాక్టరు గారు కాదు. అన్న అసలే కాదు.

అన్నకు ముందు చెప్పాను. వల బాగు చేసుకుంటూ విన్నాడు. బాబాయి భుజాల మీద ఎక్కి తిరిగినవాడు అతనే, నేను కాదు. తెగిన కన్నుకు దారం ముడివేశాడు.

"చెప్పెయ్ మేడానికి" అన్నాడు. "నీకు రెండు పక్కలా మాట్లాడేది అలవాటే గదా."

చెప్పాను. "థాంక్స్ వినీలా" అన్నారు డాక్టరు గారు. ఈసారి నవ్వలేదు.

మే 29

ఈ రోజును పూర్తిగా రాయాలి.

ఎమ్మారైకి అన్న, నేను, అమ్మ వెళ్ళాం. నెల్లూరు చూసి చాలా కాలమైందని పిన్ని కూడా బయలుదేరింది. స్కానింగ్ చేసే ఆయన పేరు లాజరస్. ఉంగరం, గొలుసు, వాచీ, అన్నీ తీసేయమన్నాడు. అన్న తీశాడు. చొక్కా విప్పేసరికి వెండి మొలతాడు కనబడింది.

"అది కూడా తీయాలి బాబూ."

అమ్మ లేచి నిలబడింది. "బతికుండే మనిషికి మొలతాడు తీస్తారంటయ్యా?"

"లోపలున్నది అయస్కాంతం అమ్మా. లోహం ఏదీ పోకూడదు."

"మొలతాడు తెంచేది ఒక్కసారే. పాడె మీద." అమ్మ కొడుకు నడుము పట్టుకుంది. "గుండె బాగుందని చెప్పించుకునేదానికి వచ్చి, ఆ పని చెయ్యమంటారా నన్ను?"

నేను రంగంలోకి దిగాను. ఆచారానికీ దాని సందర్భానికీ ఉన్న భేదం గురించి, చిహ్నం వేరు, చిహ్నితం వేరు అన్న సూత్రం గురించి, మొలతాడు లేకుండానే నిండు నూరేళ్ళు బతికే కోట్లాది మంది గురించి మాట్లాడాను. నా జీవితంలో ఇంత పకడ్బందీగా మాట్లాడింది తక్కువ. అమ్మ అన్నిటికీ తల ఊపింది. కొడుకు నడుము మాత్రం వదల్లేదు.

"అమ్మాయ్, బయట ఇంకా నలుగురున్నారు" అన్నాడు లాజరస్.

పిన్ని తన సంచీ మూతికి కట్టిన నైలాను దారం విప్పింది. వలలు అల్లే పచ్చ దారం. అన్న నడుముకు రెండు చుట్లు చుట్టి ముడివేసింది. "కొత్తది కట్టినాక పాతది తీస్తే ఖాళీ యాడుండాది? మాలకొండమ్మక్కా, ఇంక తియ్యి."

అమ్మ ఒక క్షణం ఆలోచించి, వెండి మొలతాడు విప్పి కొంగున ముడివేసుకుంది. నా ఉపన్యాసం అంతా ఒక మూర దారానికి ఓడిపోయింది. లాజరస్ నైలానును పరీక్షగా చూసి, ఇనుము లేదని ఒప్పుకున్నాడు.

తర్వాత అన్నను ఆ సొరంగంలోకి పంపారు. మేము అద్దం ఇవతల నిలబడ్డాం. గుండె కదులుతూ ఉంటుంది కనుక బొమ్మ తీసేటప్పుడు ఊపిరన్నా ఆపాలి. లాజరస్ మైకులో "ఊపిరి బిగబట్టండి" అన్నాడు. యంత్రం టకటకమంది, ఆగింది. "వదలండి." అన్న వదల్లేదు. "వదలండి బాబూ." వదల్లేదు. లాజరస్ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఈయన ఊపిరి తీసుకోవడం లేదే."

"వల రాళ్ళకు తగులుకుంటే మునిగి విడిపించేది మా అన్నే" అన్నాను.

"స్వామీ, ఇది పోటీ కాదు" అన్నాడు లాజరస్ మైకులో. "వదిలెయ్."

లోపలి నుంచి అన్న గొంతు వచ్చింది. "ఉంటాన్లే సార్ ఇంకాసేపు. మీకు బాగా రానీ."

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. ఇంత స్పష్టమైన బొమ్మలు అరుదుగా వస్తాయని లాజరస్ మెచ్చుకున్నాడు. అన్న ఆ పొగడ్తను ఇంటికి చేరేదాకా బస్సులో అందరికీ చెప్పాడు.

జూన్ 3

ఫలితం. వాణి గారు ఒక్కొక్క బొమ్మా చూపించారు. మచ్చలు లేవు. గోడ మందం ఒకే చోట కాకుండా అంతటా సమంగా ఉంది. లోపలి గది కూడా పెద్దదే. ఇవన్నీ కష్టం చేసే గుండె లక్షణాలు.

"అయితే జబ్బు లేదు" అన్నాను.

"లేదనే అనిపిస్తోంది. అనిపించడం చాలదు. మీ బాబాయి ఎందుకు పోయాడో మనకు తెలియదు కదా. చివరి సాక్ష్యం ఒకటి మిగిలింది." అన్న వైపు తిరిగారు. "మూడు నెలలు నిజంగా ఖాళీగా ఉండాలి. పడవ లేదు, తెప్ప లేదు, తాడు లేదు. కూర కోసం కూడా లేదు. అప్పుడు మళ్ళీ ఎకో స్కానింగ్ తీద్దాం. గోడ పలచబడితే అది కష్టం వల్ల వచ్చిందే, హాయిగా సముద్రం మీదకి వెళ్ళు. తగ్గకపోతే నేను వెళ్ళనివ్వను."

"సరే మేడం" అన్నాడు అన్న.

అంత త్వరగా సరే అన్నవాడిని నమ్మకూడదు. అమ్మ కూడా నమ్మలేదు. బస్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

జూన్ 5

తాడు పట్టుకున్నాడు. సాయంత్రం, ఎడమ జట్టు, ముందు వరస.

"నలుగురే ఉండారు, వల బరువు. చూస్తా నిలబడేదా?"

ఒడ్డు పొడుగునా వాదించాను. వైద్యం, ధర్మం, అమ్మ కన్నీళ్ళు, నాన్న మోకాళ్ళు, అన్నిటినీ రంగంలోకి దింపాను. ప్రతిదానికీ ఒప్పుకున్నాడు. "నువ్వే గెలిచినావు చెల్లాయ్" అన్నాడు, నిజాయితీగా. ఆ తర్వాత నడుముకు తాడు బిగించి వెనక్కి వాలాడు.

నేను గెలిచిన వాదాలన్నిటి తర్వాత ఓడినవాళ్ళు ఏం చేశారో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదని ఇవాళే తట్టింది.

జూన్ 7

ఒక మార్గం ఉంది. దాన్ని నేను అంగీకరించలేను.

జూన్ 8

అంగీకరించాను.

ఈ ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం పోటీలో బంగారు పతకం తెచ్చిపెట్టిన నా ప్రసంగంలో ఒక వాక్యం: "నలుగురు కాపులు కూర్చుని ఒక మనిషిని పడవ ఎక్కొద్దంటే పాళెమంతా తల వంచే ఈ దురాయి, రాజ్యాంగం ఇంకా చేరని తీరం." చప్పట్లు చాలాసేపు మోగాయి. పత్రికల్లో కూడా వచ్చింది. పాళెంలో అందరూ చదివారు.

ఈ సాయంత్రం కాపులు, అంటే మా పాళెం పెద్దలు, తుఫాను షెల్టరు వరండాలో కూర్చున్నారు. పెద్దకాపు పోలయ్య తాత నన్ను చూసి, "మమ్మల్ని రద్దు చెయ్యమని పతకం తెచ్చిన బిడ్డ వచ్చిండాది. కుర్చీ వెయ్యండ్రా" అన్నాడు.

కూర్చోలేదు. అన్న మూడు నెలలు తాడు, తెడ్డు, పడవ ముట్టకుండా దురాయి వేయమని అడిగాను.

వరండాలో నవ్వు లేచింది. పోలయ్య తాత నవ్వలేదు. "దురాయి తప్పంటివే. ఆ మాటలు మాకు పేపర్లోనే గాని నీ నోటితో వినే భాగ్యం లేకపాయె. చెప్పు, విందాం. ఆ తర్వాత ఇది చెప్పు."

చెప్పాను. మొదట దురాయికి వ్యతిరేకంగా, ఒక్క మాట తగ్గించకుండా. తర్వాత దురాయి కావాలని. ఒకడి నోరు మూయడానికి వేసేది వేరు, ఒకడి ప్రాణం నిలపడానికి వేసేది వేరు అన్నాను. నేను అభిప్రాయం మార్చుకోలేదు. మినహాయింపును నిర్వచించాను.

"శివా, నువ్వేమంటావు?" అని తాత అడిగాడు. అన్న స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

"నేను బాగుండాను తాతా."

"చిన్నబాబు కూడా బాగుండాడు" అంది పెంచలమ్మ పిన్ని. ఆడవాళ్ళ వైపు నుంచి ముందుకు వచ్చింది. "ఆ పొద్దు సముద్రంలో అల లేదు. మీరంతా తీసకపొయ్యింది అంటిరి, నేనూ ఊఁ అంటిని. అల లేని సముద్రం ఎట్టా తీసకపోతాది?"

వెనక నుంచి ఒక ముసలాయన, "మా తమ్ముడు కూడా అట్టనే. తాడు లాగతా లాగతా. గాలి లేదు ఆ పొద్దు" అన్నాడు. ఇంకొకరు మేనమామ పేరు చెప్పారు. ఈ పేర్లు నేను చిన్నప్పటి నుంచి విన్నవే. అవన్నీ సముద్రం లెక్కలో ఉండేవి. ఈ సాయంత్రం ఒక్కొక్కటే ఆ లెక్కలోంచి బయటకు వచ్చాయి.

పోలయ్య తాత తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. దురాయి చెప్పాడు. డాక్టరమ్మ సరేననేదాకా శివ తాడు ముట్టరాదు, ముట్టనిచ్చినవాళ్ళ పడవ కదలరాదు. తాడు పట్టకపోయినా శివ వాటా ఇంటికి చేరాలి. అల లేని సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ప్రతి ఇంటి నుంచీ అందరూ గుండె బొమ్మ తీయించుకుని రావాలి.

"చిన్నబాబు నెత్తురు శివలోనే గాదు, నీలోనూ ఉండాది" అన్నాడు నాతో. "ముందు నువ్వు."

"నేను తాడు లాగను తాతా. నాకు వర్తించదు."

"దురాయికి ఎదురు మాట లేదు బిడ్డా."

పాళెమంతా నవ్వింది. అన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు.

జూన్ 15

నిషేధం ఎత్తేశారు. తెల్లవారకముందే ఇంజన్ల మోత. నాన్న మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని మా పడవ తానే తీసుకెళ్ళాడు. అన్న ఒడ్డున గొంతుక్కూర్చుని చివరి పడవ కనుమరుగయ్యేదాకా చూశాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం కూడా నేర్చుకోదగిన విద్యే.

జూన్ 17

బోరింగు పాడైంది. అన్న బావిలో చేద వేయబోతే ఎదురింటి పిల్లలు "తాడు, తాడు" అని కేకలు పెట్టారు. పిన్ని వచ్చి చేద లాక్కుంది. మేకను కట్టేసే తాడు కూడా ముట్టనివ్వడం లేదు. మేక అన్న వెనకే తిరుగుతోంది.

జూన్ 20

వాణి గారి చీకటి గదిలో ఈసారి నేను పడుకున్నాను. జిగురు చల్లగా ఉంది. తెర నాకు కనబడే వైపే ఉంది. చూడలేకపోయాను.

భయం వేసింది. మే నెల నుంచీ వేస్తూనే ఉంది.

"బాగుంది" అన్నారామె. "ఎక్కడా ఏ తేడా లేదు. చూడు."

చూశాను. చాలాసేపు చూశాను.

"ఏమీ అడగవా? పొరపాటు శాతం?"

లేదన్నాను.

జులై 13

కాలేజీ తెరిచారు. హాస్టలు. అన్న ఫోన్ చేశాడు. పొట్ట వచ్చిందట. అమ్మ సంతోషంగా ఉందట. పాళెం నుంచి ఇప్పటికి చాలామంది బొమ్మలు తీయించుకున్నారు. ఒక్కతనికి మాత్రం మందులు మొదలుపెట్టి, తాడు వద్దన్నారు. అతను చుట్టుపక్కల పాళేలకు ఐసు బండి తోలుతున్నాడు. పోలయ్య తాత కూడా వెళ్ళాడట. స్కానింగు గదిలో పడుకుని, "అమ్మా, లోపల నా ముసలిది కనబడతా ఉందా?" అని అడిగాడట.

ఆగస్టు 17

గోడ తగ్గకపోతే? ఈ ప్రశ్నకు నా దగ్గర ఏ పక్షమూ లేదు.

సెప్టెంబరు 6, శనివారం

తగ్గింది.

వాణి గారు రెండుసార్లు కొలిచారు. నేను అడగకుండానే. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూపించారు. అదే చేప నోరు, అదే తెరుచుకోవడం, మూసుకోవడం. గోడ మాత్రం పలచబడింది. "కష్టం చేసిన గుండె, విశ్రాంతి ఇస్తే మామూలైంది. జబ్బు కాదు. ఏటా ఒకసారి వచ్చి చూపించుకో" అన్నారు అన్నతో.

"ఏటా నిషేధంలో వస్తాను మేడం" అన్నాడు అన్న. కొద్దిగా ఆగి, "ఖాళీగా ఉండను గాని" అన్నాడు.

సెప్టెంబరు 8

దురాయి ఎత్తేయడానికీ ఒక పద్ధతి ఉందట. వేయమని అడిగినవాళ్ళే ఎత్తేయమని అందరి ముందూ అడగాలి. అందుకోసమే హాస్టలుకు తిరిగి వెళ్ళకుండా ఆగాను. నిన్నంతా కూర్చుని ప్రసంగం తయారుచేసుకున్నాను. నాలుగు అంశాలు, ఒక ఉపసంహారం.

తెల్లవారుతుండగా ఒడ్డున కాపులు నిలబడ్డారు. పడవలు బయలుదేరే వేళ. అమ్మ, నాన్న, పిన్ని, పిల్లలు, మేక, అందరూ ఉన్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. సంఘం వ్యక్తి మీద పెట్టే ఏ కట్టడికైనా కాలపరిమితి ఉండాలన్నది మొదటి అంశం. అది ముగిసేసరికి పోలయ్య తాత చెయ్యెత్తాడు.

"ఎత్తేసినాం బిడ్డా. నువ్వు చెప్పుకో, వింటాం."

రెండో అంశానికి వచ్చాను. అప్పటికే కుర్రాళ్ళు మా పడవను భుజాలతో నెడుతున్నారు. అన్న లంగరు తాడు చుట్టుకుంటూ ఎక్కాడు. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. నా ముందున్న జనం ఒక్కొక్కరే నీళ్ళ వైపు తిరిగారు. చివరకు పోలయ్య తాత కూడా.

వాక్యం మధ్యలో ఆగాను. ఆగినట్టు ఎవరికీ తెలియలేదు.

మొదటి అల మీద పడవ ముక్కు లేచింది, దిగింది. రెండో అల పెద్దది. ఇంజను పిడి పట్టుకుని నిలబడ్డ అన్న మోకాళ్ళు కాస్త వంచి దాన్ని తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అల దాటేటప్పుడు చూడకూడదు కూడా. ముందుకే చూడాలి.